పాలు పిండని మంద

రాజపాళయం అనగానే ఊరు చూడనివాళ్ళకి కూడా తెల్లని వేటకుక్క గుర్తొస్తుంది. 2005లో తపాలా శాఖ దాని బొమ్మతో స్టాంపు కూడా వేసింది. ఊరు చూసినవాళ్ళైతే నూలు మిల్లుల గురించి, పక్కనే ఛత్రపట్టిలో గాయాలకు కట్టే గుడ్డ నేసే మగ్గాల గురించి, వేసవిలో వచ్చే సప్పట్టై మామిడి గురించి చెబుతారు. ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం మాట్లాడే రాజుల గురించి, ఆ ఇళ్ళ నుంచే వెళ్ళి మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయిన పి.ఎస్. కుమారస్వామి రాజా గురించి చెబుతారు. ఊరికి పడమట కొండ కింద మేసే ఆవుల మంద సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. పాలైనా ఇవ్వని ఆవుల గురించి చెప్పుకోవడానికి ఏముంటుంది?

సాయంత్రం అయ్యనార్ కోయిల్ దారిలో నిలబడితే ఆ మంద దిగి రావడం చూడొచ్చు. ఒక రంగని లేదు. నల్లవి, బూడిదవి, ఎర్రవి, మచ్చలవి అన్నీ కలగలిసి ఉంటాయి. ఒళ్ళు చిన్నది, గిట్ట గట్టిది, కొమ్ము వాడి. తమిళంలో వీటిని మలై మాడు అంటారు, మన మాటలో కొండ పశువులు. తేని, విరుదునగర్ జిల్లాల్లో పడమటి కనుమల అంచున తరతరాలుగా పెంచుతున్నారు. ఒకసారి నేనూ అందరూ అడిగే ప్రశ్నే అడిగాను: "అణ్ణాచ్చీ, రోజుకి ఎన్ని లీటర్లిస్తాయి?" కాపరి నా వైపు తిరక్కుండానే, "దూడ తాగినన్ని" అన్నాడు.

ఆ మాటకు అప్పుడు నవ్వొచ్చింది. మాంసపు పశువుల పెంపకం మీద పుస్తకాలు చదవడం మొదలుపెట్టాక తెలిసింది, ఆ శాస్త్రమంతా ఆ రెండు ముక్కల మీదే నిలబడి ఉందని. పాడి మందలో లెక్క లీటర్లది. ఆవు పాలను మనిషి అమ్ముకుంటాడు, దూడకు దక్కేది మిగిలినదే. మాంసపు మందలో లెక్క దూడది. ఆవు ఏడాదికి ఒక దూడను ఈనాలి, తన పాలతోనే దాన్ని పెంచి పాలు మాన్పించే వయసుకు చేర్చాలి. ఆవు పని అంతవరకే. టెక్సాస్ గడ్డి మైదానాల్లోనైనా, ఆస్ట్రేలియాలోనైనా, బ్రెజిల్‌లోనైనా మంద యజమాని వేసుకునే మొదటి లెక్క ఇదే: ఆబోతుతో వదిలిన ఆవులు ఎన్ని, పాలు మానే నాటికి బతికున్న దూడలు ఎన్ని?

మా కొండ కింద మంద మాంసం కోసం కాదు. దాని సంపాదన ఎరువు, కోడెదూడలు. పొలంలో రాత్రిపూట మంద కట్టించుకున్నందుకు రైతు డబ్బో ధాన్యమో ఇస్తాడు. కోడెలు సేద్యానికో జల్లికట్టుకో అమ్ముడుపోతాయి. కానీ మంద నడిచే తీరు చూస్తే రెండూ ఒకటే. పాలు పిండరు, పచ్చిక మీదే బతుకు, ఏటా దూడ రాకపోతే ఇల్లు గడవదు. అందుకే మాంసపు మంద సూత్రాలు నేర్చుకోవాలనుకునే తెలుగువాడికి మంచి బడి రాజపాళయం పడమటనే ఉంది అంటాను.

ముందు చట్టం సంగతి చెప్పేస్తాను. మన దేశం నుంచి ఆవు, ఎద్దు, దూడ మాంసం ఎగుమతి చేయకూడదు. ఓడలెక్కేది ఎముక తీసిన గేదె మాంసం. తెలుగు రాష్ట్రాల్లో 1977 నాటి చట్టం ఆవు వధను నిషేధించింది. తమిళనాడులో 1958 చట్టం ప్రకారం పదేళ్ళు దాటి, పనికీ ఈతకూ పనికిరాదని ధ్రువపత్రం ఉన్న పశువునే కోయాలి. 1976లో వచ్చిన ఉత్తర్వు ఆవుల, పెయ్యల కోతను పూర్తిగా ఆపేసింది. కాబట్టి కోత కోసమే ఆవుల్ని పెంచే మంద ఇక్కడ ఉండదు. అయినా మాంసం మీద పరిశోధనకు హైదరాబాదు శివారు చెంగిచెర్లలో కేంద్ర ప్రభుత్వ సంస్థే ఉంది. గేదె దున్నకైనా, ఒంగోలు గిత్తకైనా, కొండ కోడెకైనా కండ పట్టే తీరు మారదు.

ఇక లెక్కకొద్దాం. ఆవు చూలు మోసేది సుమారు 285 రోజులు. ఏడాదికి 365. ఏటా అదే నెలలో ఈనాలంటే, ఈనిన 80 రోజుల్లోపు మళ్ళీ చూడి కట్టాలి. అందులో గర్భసంచి ముడుచుకుని మామూలు స్థితికి రావడానికే 40 రోజులు పోతాయి. మిగిలింది ఇంకో 40. ఆవు ఎదకు వచ్చేది 21 రోజులకోసారి. అంటే ఏడాదికొక దూడ కావాలనుకునే యజమానికి దక్కేది రెండే రెండు ఎదలు. ఆ రెండూ తప్పితే దూడ వెనకబడుతుంది. వచ్చే ఏడు ఇంకా వెనకబడుతుంది. మూడో ఏడు ఆ ఆవు మేత తిని ఊరికే కూర్చుంటుంది. మన పల్లెల్లో ఆవు ఏడాదిన్నరకోసారి ఈనడం మామూలే అయిపోయింది. పది ఆవులున్న రైతు ఆరేడు దూడలతో సరిపెట్టుకుంటున్నాడన్నమాట. నష్టం కళ్ళకు కనబడదు, ఎందుకంటే పుట్టని దూడకు ఎవరూ ఏడవరు.

ఈ రెండు ఎదలకు అడ్డుపడేవి ముఖ్యంగా రెండు. ఒకటి ఆకలి, ఇంకొకటి దూడే. దూడ మాటిమాటికీ పొదుగు కుడుస్తుంటే ఆ స్పర్శ, ఆ వాసన ఆవు మెదడుకు చేరి, అండాన్ని విడుదల చేయించే హార్మోన్లను అణచిపెడతాయి. తల్లికి ముందున్న బిడ్డను పెంచుకో, తర్వాతి సంగతి తర్వాత చూద్దాం అని శరీరం చెబుతుందనుకోండి. అందుకే విదేశీ మందల్లో దూడను కొన్ని రోజులు వేరుచేయడమో, రోజుకు రెండుసార్లే తాగనివ్వడమో చేస్తారు. కొండకు మంద తోలే కాపరులు చిన్న దూడల్ని దొడ్డిలోనే వదిలి వెళ్తారు, అవి కొండ ఎక్కలేవు కనుక. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి తల్లి దగ్గరికి చేరతాయి. శాస్త్రం చెప్పే చిట్కా వీళ్ళకు అవసరం కొద్దీ అబ్బింది.

ఆకలి సంగతి దీనికంటే పెద్దది. ఆవు తిన్నదాన్ని శరీరం ఒక వరుసలో ఖర్చుపెడుతుంది. ముందు ప్రాణం నిలబెట్టుకోవడానికి, తర్వాత పెరుగుదలకు, తర్వాత పాలకు, అన్నీ అయ్యాక మళ్ళీ చూడి కట్టడానికి. మేత తగ్గితే మొదట ఆగిపోయేది ఆ చివరిదే. పాలు కనబడతాయి, ఒళ్ళు కనబడుతుంది, ఎద తప్పడం కనబడదు. దీన్ని పట్టుకోవడానికి మాంసపు మందల్లో ఒక కొలత వాడతారు. ఆవు వెనకా పక్కనా నిలబడి పక్కటెముకలు, నడుము, తోకమొదలు చూసి 1 నుంచి 9 వరకు మార్కు వేస్తారు. అన్ని ఎముకలూ లెక్కపెట్టగలిగితే 1. కొవ్వుకు తోకమొదలు పూడుకుపోతే 9. ఈనేనాటికి 5 ఉండాలి: చివరి ఒకటి రెండు పక్కటెముకలు లీలగా కనబడీ కనబడనట్టు. ఒక మార్కు తేడా అంటే పెద్ద ఆవులో 35, 40 కిలోల బరువు. ఈనాక ఒళ్ళు పెంచడం కష్టం, తిన్నదంతా పొదుగుకే పోతుంది. పెంచాల్సింది ఈనడానికి మూడు నెలల ముందే. తూకం యంత్రం అక్కర్లేదు, మందుల షాపు అక్కర్లేదు, కళ్ళుంటే చాలు. ఇంత చవకైన విద్య పశుపోషణలో ఇంకొకటి లేదని నా అభిప్రాయం.

ఈ లెక్కను వానకు కూడా కలపాలి. రాజపాళయం కొండచాటు ఊరు. నైరుతి వానలు కనుమలకు అవతలే చాలావరకు కురిసిపోతాయి, ఇక్కడికి వచ్చే పెద్ద వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వీచే ఈశాన్యానిది. పచ్చిక బాగా ఉన్న నెలల్లో ఈనిన ఆవుకు పాలూ ఉంటాయి, తిరిగి ఎదకూ వస్తుంది. మండు వేసవిలో ఈనిన ఆవుకు రెండూ ఉండవు. మాంసపు మంద నడిపేవాళ్ళు ఆబోతును ఏడాది పొడుగునా వదలరు. రెండు మూడు నెలలే వదులుతారు. అప్పుడు ఈతలన్నీ ఒక రుతువులో పడతాయి. దూడలు ఒకే ఈడువి అవుతాయి, టీకాలు ఒకేసారి పడతాయి, అమ్మకమూ ఒకేసారి. అన్నింటికంటే ముఖ్యం, ఆ రెండు నెలల్లో చూడి కట్టని ఆవు ఏదో తేలిపోతుంది.

మేత గురించి మాట్లాడితే మా ఊరి పత్తి దగ్గరికి రావాల్సిందే. ఆవు గడ్డి తింటుందంటాం గానీ, నిజానికి గడ్డిని తినేది దాని పెద్దపొట్టలో ఉన్న సూక్ష్మజీవులు. వందకు పైగా లీటర్లు పట్టే ఆ తొట్టిలో అవి పీచును పులియబెడతాయి. ఆ పులుపులో పుట్టే ఆమ్లాలే ఆవుకు శక్తి. చచ్చిన సూక్ష్మజీవులే ఆవుకు మాంసకృత్తులు. కాబట్టి మనం మేపాల్సింది ఆవును కాదు, ఆ జీవుల్ని. వాటికి నత్రజని కావాలి. మేతలో మాంసకృత్తులు సుమారు 7 శాతం కంటే తగ్గితే అవి నీరసిస్తాయి. గడ్డి అరగదు, పొట్ట ఖాళీ కాదు, ఆవు ఇక తినలేకపోతుంది. ముందు వరిగడ్డి వాము ఉన్నా ఆవు ఎండిపోవడానికి కారణం ఇదే. ఆ సమయంలో కిలో పత్తి చెక్క పెడితే, ఆ కిలో బలమే కాక, అరగకుండా పడివున్న గడ్డి కూడా అరగడం మొదలవుతుంది. రూపాయి పెడితే రెండు రూపాయల పని జరిగే చోటు అది. చెక్క కొనలేనివాళ్ళకు ఇంకో దారి ఉంది: 100 కిలోల వరిగడ్డి మీద 4 కిలోల యూరియా కలిపిన నీళ్ళు చల్లి, గాలి చొరకుండా కప్పి 21 రోజులు మాగబెట్టడం. గడ్డి మెత్తబడుతుంది, నత్రజనీ చేరుతుంది. కొలత తప్పి యూరియా ఎక్కువైతే మాత్రం విషం.

పత్తి ఊళ్ళో పశువుకు పత్తి గింజ పెట్టడం ఆనవాయితీ. నూనె, పీచు, మాంసకృత్తులు మూడూ ఒక్కచోట ఉన్న మేత అది. అయితే అందులో గాసిపాల్ అనే పసుపుపచ్చని విషపదార్థం ఉంది. పెద్ద ఆవు పెద్దపొట్టలో అది మాంసకృత్తులకు అతుక్కుని నిర్వీర్యమవుతుంది, రెండు మూడు కిలోల వరకు భయం లేదు. పాలు తాగే దూడకు పెద్దపొట్ట ఇంకా పనిచేయదు, దానికి పెట్టకూడదు. ఆబోతుకు కూడా తగ్గించాలి, గాసిపాల్ వీర్యకణాల తోకను దెబ్బతీస్తుంది. మంద మొత్తానికి ప్రాణం ఆబోతు, దానికే ఎక్కువ పత్తి గింజలు దాచి పెట్టే ప్రేమ చాలా ఇళ్ళలో చూశాను.

ఆబోతు మాట వచ్చింది కనుక చెప్పాలి. పూర్తిగా ఎదిగిన ఆబోతు ఒక రుతువులో 25 ఆవుల్ని చూసుకోగలదు, కుర్రదైతే 15. ఆవు చెడితే ఒక దూడ పోతుంది, ఆబోతు చెడితే పాతిక పోతాయి. అందుకే రుతువుకు ముందు దాని కాళ్ళు, కళ్ళు, వృషణాలు, వీర్యం పరీక్ష చేయిస్తారు. ఏడాది మీద మూడు నెలల వయసుకు వృషణాల చుట్టుకొలత కనీసం 30 సెంటీమీటర్లు ఉండాలన్నది ఐరోపా జాతులకు పెట్టుకున్న గీటు. మన మూపురం జాతులు ఆలస్యంగా ఎదుగుతాయి, వాటికి ఇంకొంత గడువు ఇవ్వాలి. ఆ కొలత వీర్యానికే కాదు, దాని కడుపున పుట్టిన పెయ్యలు ఎంత తొందరగా ఎదకు వస్తాయో కూడా చెబుతుంది. మన ఊళ్ళలో ఆబోతును గుడికి వదిలేసి, దాని కూతుళ్ళకు కూడా దాన్నే దాటిస్తారు. దగ్గరి రక్తం కలిస్తే మొదట పోయేది సంతానశక్తి. మూడు నాలుగేళ్ళకోసారి ఆబోతును మార్చడం భక్తికి లోపం కాదు.

ఇక్కడ మా తెల్లకుక్క మళ్ళీ పనికొస్తుంది. ముక్కు గులాబి రంగులో, ఒళ్ళు పాలలా ఉండాలని తరాల తరబడి ఏరుకుంటూ పోయారు. రంగు దక్కింది, దానితో పాటు చెవుడు కూడా వచ్చింది. ఈ జాతిలో చెవుడు పిల్లలు పుట్టడం పెంపకందార్లందరికీ తెలిసిన బాధ. ఒక గుణాన్ని ఏరితే దాని వెనక ఇంకోటి వస్తుంది. పశువులోనూ అంతే. బరువు, ఎదుగుదల లాంటివి తల్లిదండ్రుల నుంచి బాగానే దిగుతాయి, ఏరుకుంటే తొందరగా మారతాయి. సంతానశక్తి చాలా తక్కువగా దిగుతుంది. దాన్ని మార్చేది ఎక్కువగా మేత, నిర్వహణ, వేరే రక్తం కలపడం. బరువు ఒక్కదాని వెంటే పడితే పెద్ద ఒళ్ళు, పెద్ద ఆకలి ఉన్న ఆవు వస్తుంది, కరువు ఏడాది అది చూడి కట్టదు. కొండ ఆవు చిన్నగా ఉండటంలో ఉన్న తెలివి అదే.

ఏరిక ఏం చేయగలదో చూడాలంటే మాత్రం మన ఒంగోలు వెళ్ళిన దూరం వెళ్ళాలి. అప్పట్లో ఒంగోలు ప్రాంతం నెల్లూరు జిల్లాలో ఉండేది, అందుకే సముద్రం దాటాక ఈ జాతి పేరు నెలోర్ అయింది. 1868లో ఒక జత బ్రెజిల్‌లోని సాల్వడోర్ రేవులో దిగింది. 1878లో మనోయెల్ లెమ్‌గ్రూబర్ అనే ఆయన జర్మనీలో హాంబర్గ్ జంతుప్రదర్శనశాల నుంచి ఇంకొన్నిటిని కొని తీసుకెళ్ళాడు. 1938లో వంశావళి నమోదు మొదలైంది. 1960ల మొదట్లో ఉబెరాబాకు చెందిన టోర్రెస్ ఓమెమ్ రొడ్రీగెస్ ద కున్యా మన పల్లెల్లో తిరిగి చివరి విడత ఎంచి తీసుకెళ్ళాడు. వాటిలో ఒక ఆబోతుకు అది పుట్టిన ఊరి పేరే పెట్టారు: కరవది. ఒంగోలు పక్క పల్లె. ఇప్పటికీ బ్రెజిల్ వంశవృక్షాల్లో కరవది, గోదావరి, ఆకాశము, చెకురుపాడు అనే పేర్లు పోర్చుగీసు యాసలో పలుకుతుంటాయి. 1962తో దిగుమతులు ఆగిపోయాయి. భారత జాతులన్నీ కలిపి అక్కడికి చేరినవి ఏడువేల లోపే అని చెబుతారు. ఈరోజు బ్రెజిల్‌లో 20 కోట్లకు పైబడిన పశువుల్లో ఎక్కువ భాగం నెలోర్ లేదా దాని సంకరం.

ఒంగోలును మనం ఎందుకు పెంచాం? బండ లాగడానికి, రేగడిలో దున్నడానికి. వాళ్ళకు అక్కర్లేని గుణాలు వదిలేశారు, కావలసినవి పట్టుకున్నారు. వదులు చర్మం, తెల్లని పొట్టి వెంట్రుక, దట్టమైన చెమట గ్రంథులు ఎండను ఆపుతాయి. పిడుదులకు అంత తొందరగా లొంగదు. నాసిరకం పచ్చిక మీద బతుకుతుంది. ఐరోపా పశువు నీడ కోసం చెట్టు వెతుక్కునే వేళ ఇది మేస్తూనే ఉంటుంది. ఆ పునాది మీద ఎదుగుదలను తరం తరం తూచి, రాసి, ఏరారు. వియాటినా-19 అనే నెలోర్ ఆవు 1,101 కిలోలు తూగింది. 2023 వేలంలో దానిలో మూడో వంతు వాటా 69.9 లక్షల బ్రెజిల్ రియల్‌లకు పోయింది. ఆ లెక్కన ఆవు మొత్తం విలువ 2 కోట్ల పది లక్షల రియల్‌ల దాకా వెళ్ళి, ప్రపంచంలోకెల్లా ఖరీదైన ఆవుగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది.

గర్వపడాల్సిందే. కానీ ఒక లోపం కూడా ఒంగోలుతోనే ప్రయాణం చేసింది. మాంసం మెత్తబడటానికి కండలోనే ఉండే కొన్ని ఎంజైములు నారల్ని కొరుకుతాయి. మూపురం జాతుల్లో ఆ ఎంజైమును అడ్డుకునే పదార్థం, కాల్‌పాస్టాటిన్, ఎక్కువ. అందుకే నెలోర్ మాంసం కొంచెం గట్టిది. చల్లని గదిలో వారం రెండు వారాలు వేలాడదీసి మాగబెడతారు, లేదంటే ఆంగస్ లాంటి జాతితో కలుపుతారు. మొదటి సంకరంలో ఎండ ఓర్పూ మెత్తదనమూ రెండూ కొంతకొంత దక్కుతాయి, పైగా వేరే రక్తం కలిసినందుకు వచ్చే అదనపు బలం ఉంటుంది. మూపురం మాత్రం వాళ్ళకి ఇష్టమైన ముక్క, కుపిమ్ అని ప్రత్యేకంగా కాలుస్తారు. ఇండోనేసియాలో సుంబా దీవికి 20వ శతాబ్దం తొలినాళ్ళలో వెళ్ళిన ఒంగోలు మంద ఇప్పటికీ సుంబా ఒంగోలు పేరుతోనే ఉంది. ఇక్కడ మనకి గుంటూరు లాం ఫారంలో, చదలవాడలో ప్రభుత్వ క్షేత్రాలు జాతిని కాపాడుతున్నాయి. పల్లెల్లో ట్రాక్టరు వచ్చాక ఎద్దుకు పని పోయింది, ఎద్దుకు పని పోయాక ఆవుకు చోటు పోయింది.

మందను కదిలించడం వేరే విద్య. ప్రతి పశువు చుట్టూ కనబడని గిరి ఒకటి ఉంటుంది. అందులోకి అడుగుపెడితే కదులుతుంది, బయటికొస్తే ఆగుతుంది. దాని భుజం దగ్గర ఒక గీత ఉందనుకోండి. గీతకు వెనక నుంచి వస్తే ముందుకు పోతుంది, ముందు నుంచి వస్తే వెనక్కి తిరుగుతుంది. అమెరికాలో టెంపుల్ గ్రాండిన్ ఈ సంగతిని బొమ్మలు గీసి, కబేళాల దారులే మార్పించింది. అరుపులు, కర్ర దెబ్బలు తగ్గితే గాయాలు తగ్గుతాయి, మాంసమూ బాగుంటుంది. మా కాపరి ఎప్పుడూ అరవడు. ఎటు నిలబడాలో తెలిసినవాడికి అరవాల్సిన పని ఉండదు.

జబ్బుల సంగతి క్లుప్తంగా చెబుతాను. దూడ పుట్టిన ఆరు గంటల్లోపు ముర్రుపాలు పట్టాలి. దూడ రక్తంలో పుట్టుకతో రక్షణ ఉండదు. అది ముర్రుపాలలోంచే రావాలి, రోజు గడిస్తే పేగు తలుపు మూసేస్తుంది. మాయ పడలేదని ముర్రు పట్టకుండా ఆపడం పల్లెల్లో ఇంకా ఉంది, అది దూడను చంపడమే. గాలికుంటు టీకా ఆరు నెలలకోసారి, గొంతువాపు, జబ్బవాపు టీకాలు ఏటా వేయించాలి. ఈసుకుపోయే జబ్బు బ్రూసెల్లాకు నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్యలకు ఒక్కసారి వేస్తే చాలు. 2019లో మొదలైన జాతీయ పథకం కింద గాలికుంటు, బ్రూసెల్లా టీకాలు ఉచితం. చెవికి 12 అంకెల పసుపు బిళ్ళ వేస్తారు, వద్దనకండి.

కొండకు వచ్చేసరికి కథ చిక్కుబడుతుంది. పచ్చికకు ఒక ఓపిక ఉంటుంది. మొలిచినదాంట్లో సగం మేపి సగం వదిలితే వేరు నిలుస్తుంది, వచ్చే వానకు మళ్ళీ లేస్తుంది. అంతకు మించి మేపితే పశువుకు ఇష్టమైన గడ్డి ముందు చచ్చి, అక్కర్లేని ముళ్ళపొద మిగులుతుంది. మందలో తలల సంఖ్య పచ్చిక చెప్పాలి గానీ యజమాని కోరిక కాదు. తమిళనాడులోనే కంగాయం వైపు రైతులు దీన్ని చక్కగా పట్టుకున్నారు. కొరంగాడు అని సొంత పచ్చిక బీళ్ళు ఉంటాయి వాళ్ళకు: చుట్టూ కిళువై కంచె, మధ్యలో తెల్లతుమ్మ చెట్లు, కింద కొళుక్కట్టై గడ్డి. మడులుగా విడదీసి, ఒకటి మేపుతూ ఇంకొకటి వదిలేస్తారు. పచ్చిక సొంతమైనప్పుడు దాన్ని కాపాడతారు.

మా కొండ మాత్రం అడవిశాఖది. ఇక్కడ 1988లో బూడిదరంగు పెద్ద ఉడుతల కోసం అభయారణ్యం వచ్చింది, 2021లో అది శ్రీవిల్లిపుత్తూర్-మేఘమలై పులుల అభయారణ్యంలో భాగమైంది. 2022 మార్చిలో మద్రాసు హైకోర్టు రాష్ట్రంలోని అడవులన్నిట్లో పశువుల్ని మేపకూడదంది; అదే నెలలో దాన్ని సవరించి జాతీయ ఉద్యానాలకు, అభయారణ్యాలకు, పులుల ప్రాంతాలకు పరిమితం చేసింది. ఆ సవరణ మా కాపరులకు ఊరట కాలేదు, వాళ్ళ కొండ పులుల కొండే కదా. 2006 అటవీ హక్కుల చట్టం పశుపోషకులకు రుతువుల వారీ మేత హక్కు గుర్తించింది అన్నది వాళ్ళ వాదన. పశువుల జబ్బు అడవి జంతువులకు అంటుకుంటుందన్న అడవిశాఖవాళ్ళ భయం కూడా ఉత్తుత్తిది కాదు. 1968లో ముదుమలై, బందీపూర్ వైపు ముసర వ్యాధి సోకి అడవిదున్నలు కుప్పలుగా చచ్చాయి. ముసర 2011లో ప్రపంచం నుంచే పోయింది, గాలికుంటు ఉంది. టీకా వేసిన మందను, లెక్కకట్టిన సంఖ్యలో, లెక్కకట్టిన నెలల్లో అడవి అంచున మేపనివ్వడం కుదరని పనని నేననుకోను. అసలు లెక్కే వేయకుండా తలుపు మూయడం, లెక్కే లేకుండా తెరిచి ఉంచడం రెండూ ఒకటే తప్పు.

ఎవరూ మాట్లాడని సూత్రం ఇంకొకటి మిగిలింది, ఏరివేత. మాంసపు మందలో ఏటా మూడు రకాల ఆవుల్ని తీసేస్తారు: చూడి కట్టనిది, పళ్ళు అరిగినది, పొడిచేది. మిగతా దేశాల్లో వాటి అమ్మకం కూడా ఆదాయంలో ఒక భాగం. ఇక్కడ ఆవును తీసేయాలంటే చట్టం ఉంది, మనసూ ఉంది. ఆ రెంటినీ గౌరవిస్తూనే చెప్పాలి, తీసేయలేని మందకు ముందే కళ్ళు ఉండాలి. ఎక్కువ పెయ్యల్ని ఉంచుకోకూడదు. ఉంచుకునే పెయ్య ఏ ఆవు కడుపునో, ఆ ఆవు ఎన్నిసార్లు ఏటికి ఏడు ఈనిందో తెలిసి ఉంచుకోవాలి. గొడ్డుపోయిన ఆవు పేడకైనా ఖరీదు కట్టాలి. ఒక ఆవు రోజుకు పది కిలోల పేడ వేస్తుంది, సగం రాత్రిపూట పడిందనుకున్నా 200 పశువుల మంద ఒక్క రాత్రిలో తోటకు టన్ను ఎరువు, దానిమీద మూత్రం. మామిడి తోటవాళ్ళు ఆ మందను వెతుక్కుంటూ రావడంలో వింత లేదు.

మంద పెట్టాలని ఉబలాటపడే కుర్రవాళ్ళు ఈమధ్య చాలామంది అడుగుతున్నారు, ఏ జాతి కొనమంటారు అని. జాతి తర్వాత. ముందు ఒక నోటుపుస్తకం కొనండి. ఆవు చెవి బిళ్ళ సంఖ్య, ఈనిన తేదీ, దూడ కోడెనా పెయ్యా, ఏ ఆబోతుకు, ఆరో నెలలో దూడ బరువు రాయండి. రెండేళ్ళు రాస్తే ఏ ఆవు మిమ్మల్ని పోషిస్తోందో, ఏ ఆవును మీరు పోషిస్తున్నారో మీకే తెలుస్తుంది. మా కాపరి దగ్గర పుస్తకం లేదు, అతను చదువుకోలేదు. ఆ సాయంత్రం ఇంకో ప్రశ్న అడిగాను: పోయినేడు ఎన్ని దూడలు? అప్పుడు తిరిగి నా వైపు చూశాడు. ఒక్కొక్క ఆవునే వేలితో చూపిస్తూ, తల్లినీ తల్లి తల్లినీ కలిపి, చీకటి పడేదాకా చెప్పాడు.